అంకె ఆగిన 19 రోజులు

బరువు తగ్గే ఆపరేషన్ అయ్యి మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ముందుగా ఒక్క మాట. ఈరోజు తిండి తగ్గించకండి. మెషీన్ మీద అంకె ఎన్ని రోజులుగా కదలకపోయినా సరే, తగ్గించకండి. మిగతాది తీరిగ్గా చదవొచ్చు.

నాకు 2024 మే మొదటి వారంలో స్లీవ్ ఆపరేషన్, అంటే పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్ అయింది. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి వేసవి సెలవులు చూసుకుని పెట్టుకున్నాను. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నా ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 118.6 కిలోలు. మాత్రలకు లొంగని షుగరు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నాయి. కడుపు కోయించుకుని తగ్గడం ఏమిటి, నోరు కట్టుకుంటే సరిపోదా అని అడిగినవాళ్ళకి అప్పుడే జవాబు చెప్పాను. ఇప్పుడు ఆ చర్చలోకి వెళ్ళను. నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చిన మనిషి గురించి, ఆ మనిషికి ఎవరూ ముందుగా చెప్పని ఒక విషయం గురించి.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ద్రవాహారమే తీసుకోమన్నారు. కాలేయంలో పేరుకున్న కొవ్వు కాస్త కరిగి అది చిన్నదైతే, దాని కింద ఉన్న పొట్ట దగ్గరికి సర్జన్‌కి దారి సులువవుతుందట. ఆ రెండు వారాల్లో నాలుగు కిలోల పైన పోయి, ఆపరేషన్ రోజు పొద్దున 114.2 ఉన్నాను. మూడో రోజు డిశ్చార్జ్ అయ్యేటప్పుడు చూస్తే 115.1. సెలైన్ బరువులెండి, పోతుంది అన్నారు. పోయింది కూడా. 12వ రోజుకి 107.8కి వచ్చాను. ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది. మా ఆయన మా అమ్మకి, అమ్మ మా పిన్నికి, పిన్ని ఇంకెవరికో ఫోన్ చేసి చెప్పారు.

13వ రోజు 107.8. 14వ రోజు 107.9. ఆ తర్వాత 107.5, 108.3, మళ్ళీ 107.8. అలా 31వ రోజు దాకా. మొత్తం 19 రోజులు.

ఆ 19 రోజుల్లో రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు మెషీన్ ఎక్కాను. గచ్చు సమంగా లేదేమోనని మెషీన్‌ని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి మార్చి చూశాను. బ్యాటరీ మార్పించాను. అత్తయ్య మెల్లగా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, డాక్టరు అంతా సరిగ్గానే చేశాడంటావా?" అని అడిగింది. ఆవిడ మనసులో చెడు ఏమీ లేదు. నా మనసులో ఉన్న మాటే ఆవిడ నోట వచ్చింది. ఇన్ని లక్షలు పోసి, ఒళ్ళు కోయించుకుని, ఇదీ కుదరని మనిషినా నేను అని రాత్రుళ్ళు ఏడ్చాను. డైటింగ్‌లు చేసి చేసి ఓడిపోయినవాళ్ళకి ఆ ఏడుపు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ప్రతిసారీ ఇలాగే ఆగింది, ప్రతిసారీ తప్పు నాదేనన్నారు.

అందుకే తెలిసిన మందే వేసుకున్నాను. తిండి తగ్గించాను. మా అమ్మ కూడా, "పోనీ రాత్రి పూట ఆ జావ మానేసి చూడు తల్లీ, లంఖణం పరమౌషధం అన్నారు కదా" అంది. రాత్రి జావ మానేశాను. తర్వాత సాయంత్రం ప్రొటీన్ పౌడర్ కలుపుకోవడం మానేశాను, డబ్బా మీద కేలరీల అంకె చూసి భయమేసి. పొద్దున పెరుగు సగానికి తగ్గించాను. చిత్రంగా ఏ కష్టమూ అనిపించలేదు. ఆకలి వేయలేదు, నీరసం కూడా మొదట్లో తెలియలేదు. జీవితంలో మొదటిసారి తినకుండా ఉండటం ఇంత తేలికైంది కదా అని సంతోషపడ్డాను.

ఆ తేలికలోనే ప్రమాదం ఉంది. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. తీసేసిన భాగంలో పైనుండే గుండ్రటి సంచి లాంటిదే గ్రెలిన్ అనే హార్మోన్‌కి ప్రధాన స్థానం. ఆకలి వేస్తోందని మెదడుకి కబురు పంపేది ఆ హార్మోనే. ఆ భాగం పోయాక కొన్ని నెలలు ఆ కబురు దాదాపు రాదు. మామూలు మనిషి తిండి మరీ తగ్గిస్తే సాయంత్రానికి ఒళ్ళు గోల చేస్తుంది, చేతులు వణుకుతాయి, వంటింటి వైపు కాళ్ళు లాగుతాయి. మాకు ఆ గోల ఉండదు. కాపలా లేని ఇంట్లో దొంగ పడ్డట్టు, ఎంత పోతోందో తెలియకుండానే పోతుంది.

26వ రోజు మేడ మీదికి బట్టలు తేవడానికి వెళ్తుంటే నాలుగో మెట్టు దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ సాయంత్రం డైటీషియన్‌కి ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు. "మేడమ్, నిన్న నిద్ర లేచిన దగ్గర్నుంచి నోట్లో పెట్టుకున్నవన్నీ వరసగా చెప్పండి, మాత్రలతో సహా" అంది. చెప్పాను. మజ్జిగ కలిపిన రాగి జావ, కొబ్బరి నీళ్ళు, పెసరపప్పు కట్టు, చారు, నాలుగు చెంచాల పెరుగు, మెత్తగా చేసిన సొరకాయ. అవతల కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆఖర్న ఆమె చెప్పిన లెక్క 24 గ్రాముల ప్రొటీన్. కావలసింది రోజుకు కనీసం 60. నీళ్ళు లీటరు కూడా లేవు, గుంటూరు ఎండల్లో.

"మేడమ్, మీ బరువు ఆగలేదు. మెషీన్ మీద అంకె ఆగింది, అంతే. మూడో వారంలో దాదాపు అందరికీ ఆగుతుంది" అంది ఆమె.

అందరికీ ఆగుతుందన్న మాట నేను మొదటిసారి విన్నది ఆపరేషన్ అయిన 26వ రోజున, అదీ పడిపోబోయాక. నాకిచ్చిన డిశ్చార్జ్ కాగితాలు నాలుగు పేజీలు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎలా శుభ్రం చేసుకోవాలి, ఎంత దూరం నడవాలి అన్నీ ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం లేదు. నా కోపమంతా దాని మీదే. ఆసుపత్రి పేరు ఎందుకు, ఆ తర్వాత నేను మాట్లాడినవాళ్ళలో వేరే వేరే చోట్ల చేయించుకున్నవాళ్ళది కూడా ఇదే అనుభవం.

అసలు లోపల ఏం జరుగుతుందో ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. నాకు అర్థమైనది అర్థమైనట్టు చెబుతాను.

మన ఒంట్లో కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థం అర కిలో దాకా నిలవ ఉంటుంది. అది ఒక్కొక్క గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గితే ఒళ్ళు ముందు ఈ నిలవనే వాడుకుంటుంది. నిలవ ఖర్చయితే దానితో ఉన్న నీళ్ళూ పోతాయి. అంటే రెండు కిలోల దాకా బరువు కొవ్వు కరక్కుండానే పోతుంది. దానికి తోడు ఆసుపత్రిలో ఎక్కించిన సెలైన్ దిగిపోతుంది, పేగులు ఖాళీగా ఉంటాయి. ఇవన్నీ కలిసి మెషీన్ మీద పెద్ద అంకెగా కనబడతాయి.

ఇప్పుడు నా లెక్క చూడండి. 108 కిలోల ఆడమనిషి ఇంట్లో మెల్లగా తిరుగుతూ ఉంటే రోజుకు రెండు వేల కేలరీలు అటూ ఇటూ ఖర్చవుతాయి. నేను తినేది ఐదారు వందలు. తేడా 1400 నుంచి 1500. కిలో కొవ్వులో దాదాపు 7700 కేలరీలు ఉంటాయి. భాగిస్తే రోజుకు 200 గ్రాములకు కాస్త తక్కువ. ఒళ్ళు ఎంత కష్టపడ్డా రోజుకు కరిగే కొవ్వు అంతే. డిశ్చార్జ్ నుంచి 12వ రోజు దాకా తొమ్మిది రోజుల్లో నాకు 7.3 కిలోలు తగ్గాయి. అందులో కొవ్వు రెండు కిలోలకు మించి ఉండే వీలే లేదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే.

ఇది అర్థమయ్యాక నాకు చాలాసేపు నోట మాట రాలేదు. మేము పండగ చేసుకున్న అంకె కూడా నిజం కాదన్నమాట. మొదటి పన్నెండు రోజులు మెషీన్ తగ్గుదలని ఉన్నదానికంటే ఎక్కువ చెప్పింది. తర్వాత 19 రోజులు ఉన్నదానికంటే తక్కువ చెప్పింది. ఒళ్ళు ఆ మొదటి దెబ్బ నుంచి తేరుకుని, పోయిన నీటిలో కొంత మళ్ళీ పట్టుకుంటుంది. లోపల గాయం మానేటప్పుడు వాపు ఉంటుంది, దానికీ నీరు పడుతుంది. ఆడవాళ్ళకి ఆపరేషన్ తర్వాత నెలసరి కూడా అటూ ఇటూ అవుతుంది, దాని నీరు దానిది. మలబద్ధకం సరేసరి. రోజుకు రెండు వందల గ్రాముల కొవ్వు ఒక వైపు నుంచి పోతుంటే ఇంకో వైపు నుంచి నీరు చేరుతోంది. అంకె ఎలా కదులుతుంది?

నీరు బరువుని ఇలా కప్పేయడం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో తుపాకీ పట్టమని మనస్సాక్షి ప్రకారం నిరాకరించిన కుర్రాళ్ళు వాళ్ళు. స్వచ్ఛందంగా ముందుకొచ్చి 24 వారాలు అర్ధాకలితో గడిపారు. యూరప్‌లో యుద్ధం వల్ల మాడిపోతున్నవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఆ ప్రయోగం ఉద్దేశం. వాళ్ళ కండా కొవ్వూ కరిగిపోతుంటే కాళ్ళకీ మొహానికీ మాత్రం నీరు పట్టింది. ఎముకలు తేలిన మనిషి చీలమండలు ఉబ్బి ఉండేవి. తక్కువ తిన్న ఒళ్ళు నీరు పట్టుకుంటుందని ఎనభై ఏళ్ళుగా తెలుసు. అయినా మూడో వారంలో ఉన్న మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు.

నాకు ఈ సంగతి మెషీన్ కంటే ముందు చెప్పినవి నా గాజులు. అంకె ఆగిన రోజుల్లోనే అవి మోచేతి దాకా ఎక్కడం మొదలుపెట్టాయి. అంతకుముందు సబ్బు రాసినా దిగని గాజులవి. జాకెట్టుకి పక్క కుట్టు వేయించాల్సి వచ్చింది. మా ఆయన చూసి, "మొహం సన్నబడింది" అంటే ఓదార్పు మాట అనుకుని విసుక్కున్నాను. కళ్ళెదుట చేతికున్న గాజుల్ని నమ్మకుండా గచ్చు మీద పడున్న గాజు పలకని నమ్మాను.

ఇక తిండి సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కుట్లు పడ్డ మనిషికి మన ఇళ్ళలో పథ్యం పెడతారు. పప్పు తింటే చీము పడుతుందంటారు. గుడ్డు వేడి చేస్తుందంటారు. చేప తింటే దురదొస్తుందని, పెరుగు తింటే నెమ్ము చేస్తుందని భయం. చారన్నం, బీరకాయ, జావ, అంతే. ఈ పథ్యం ప్రేమతో పుట్టిందని నాకు తెలుసు. యాంటీబయాటిక్స్ లేని కాలంలో పిల్లల్నీ బాలింతల్నీ కాపాడుకోవాలని తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్న ఆడవాళ్ళు పెట్టిన నియమాలు అవి. వాళ్ళని నేను ఒక్క మాట కూడా అనను. కానీ పప్పు, గుడ్డు, చేప, పెరుగు వరసగా రాసి చూడండి. మన వంటింట్లో ప్రొటీన్ ఉన్నవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. గాయం మానడానికి ఒంటికి కావలసింది ప్రొటీన్, పథ్యం తీసేసేది కూడా ప్రొటీనే. ఒక గుక్కెడు తాగితే ఛాతీ బరువెక్కే స్థితిలో ఉన్న మనిషికి, ఆ గుక్కెడులో జావ పోస్తున్నాం.

పప్పు కట్టు గురించి కూడా చెప్పాలి. పప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు బలమని చిన్నప్పటి నుంచి విన్నాం. నేనూ రోజుకు రెండుసార్లు శ్రద్ధగా తాగాను. బలం అడుగున ఉన్న ముద్దలో ఉంటుంది. పైన తేరినదాంట్లో చాలా కొద్దిగా దిగుతుంది. వడకట్టిన చికెన్ సూప్ కూడా అంతే. ముక్క తీసేసి నీళ్ళు తాగితే ముక్క బలం రాదు. కొబ్బరి నీళ్ళలో ప్రొటీన్ లేనట్టే లెక్క, చక్కెర మాత్రం ఉంటుంది. ఆ నెలంతా చూడటానికొచ్చిన చుట్టాలందరూ కొబ్బరి బోండాలూ మామిడిపళ్ళ రసమూ తెచ్చారు. మే నెల కదా. వద్దనడానికి మొహమాటపడి తాగిన ప్రతి గుటకా, తాగాల్సిన ఇంకో గుటకకి చోటు లేకుండా చేసింది.

డైటీషియన్ చెప్పాక నేను మార్చుకున్నది ఇది. అప్పటికి మెత్తటి ఆహారం తినొచ్చన్న దశలో ఉన్నాను. పొద్దున ఒక చెంచాడు ప్రొటీన్ పౌడర్ నీళ్ళలో కలిపి గంటసేపు కొద్దికొద్దిగా, సాయంత్రం ఇంకోటి. నా డబ్బాలో చెంచాకి 24 గ్రాములు. మధ్యాహ్నం మెత్తగా ఉడికించి చిదిమిన గుడ్డు ఒకటి, ఆరు గ్రాములు. కారం లేకుండా వండిన చేప 50 గ్రాములు, అంటే పది గ్రాములు. రాత్రి నీరు వార్చిన పెరుగులో వెన్న తీసిన పాలపొడి కలుపుకుని ఐదారు చెంచాలు. 70 గ్రాములు దాటింది. శాకాహారులైతే మెత్తటి పనీరు, గట్టి పెసరపప్పు ముద్ద, మెత్తగా రుబ్బిన మీల్‌మేకర్, పాలపొడితో ఇదే లెక్కకి దగ్గరగా రావచ్చు. కష్టమే, పౌడర్ సాయం లేకుండా మొదటి రెండు నెలలు దాదాపు కుదరదు.

మా అమ్మ అటక మీదనుంచి నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె దింపి తోమి పెట్టింది. అందులో పట్టినంతే ఒక పూటకి. తినడానికి ఇరవై నిమిషాల పైనే పట్టేది. చిన్న ముద్ద, మెత్తగా పిండి అయ్యేదాకా నమలడం, చెంచా కింద పెట్టడం, మళ్ళీ. నిండిన సంగతి కడుపులో తెలియదు. ఛాతీ మధ్యలో బరువు, ఒక ఎక్కిళ్ళు, ముక్కు కారడం, అవీ గుర్తులు. ఆ గుర్తు వచ్చాక ఇంకో చెంచా పెట్టుకుంటే నురగ వాంతి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు లేకుండా భోజనం ఎలాగని అత్తయ్య గ్లాసు పెట్టేది, నేను తీసేదాన్ని. మూడు రోజులకి ఆవిడకీ అలవాటైంది.

ఆ తర్వాత మామూలు తిండికి వచ్చినప్పుడు ఇంకో పెద్ద మార్పు. మనకి భోజనం అంటేనే అన్నం. "అన్నం తిన్నావా" అని అడుగుతాం గాని "పప్పు తిన్నావా" అని అడగం. ముందు అన్నం వడ్డించి, పక్కన నంజుకోవడానికి మిగతావి. స్లీవ్ అయినవాళ్ళు ఆ వరస తిరగేయాలి. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. చాలా రోజులు చోటు మిగలదు. వండిన అన్నం 100 గ్రాముల్లో ప్రొటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు, పైగా అది లోపల ఉబ్బి ఇరుకైన గొట్టాన్ని నింపేస్తుంది. కంచంలో మెతుకు కనబడకపోతే మా అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బిడ్డ పస్తు ఉందనే ఆమెకి అనిపించేది. గుడ్డు తిన్నానమ్మా, చేప తిన్నానమ్మా అంటే, "అది సరే, అన్నం?" అనేది. ఆమెకి పక్కన కూర్చుని ఒక రోజంతా తిన్నవన్నీ కాగితం మీద రాసి కూడి చూపించాను. ఆ రోజు నుంచి పథ్యం బాధ్యత మా అమ్మదే. ఎన్ని గ్రాములైందని రాత్రి ఎనిమిదింటికి అడిగేది.

32వ రోజు పొద్దున 107.1. 34న 106.0. 36న 105.1. ఐదు రోజుల్లో రెండున్నర కిలోల పైన. రోజుకు రెండు వందల గ్రాముల లోపు అని వేసిన లెక్క ప్రకారం 19 రోజుల్లో మూడు కిలోలు, మూడున్నర కిలోలు పోవాలి. కప్పి ఉన్న నీరు దిగాక బయటపడిన అంకె దానికి దగ్గరగానే ఉంది. గుడ్డు తిన్నందువల్ల తగ్గానని నేను అనను. తినకపోయినా ఆ వారంలో అంకె దిగేదేమో. కానీ తినకుండా దిగి ఉంటే, కొవ్వుతో పాటు పోయిన కండ ఎంతో ఎవరు లెక్క చెబుతారు?

ఇక్కడ ఒక పొరపాటు మాటని కూడా సరిచేయాలి. తినకపోతే ఒళ్ళు కొవ్వుని తాళం వేసి దాచేస్తుందని, అందుకే బరువు ఆగుతుందని చాలామంది చెబుతారు. అది నిజమైతే కరువులో ఎవరూ చిక్కిపోకూడదు. తక్కువ తింటే ఒళ్ళు ఖర్చు కొంత తగ్గించుకుంటుంది, నిజమే, కానీ కొవ్వు కరగడం ఆగదు. తిండి తగ్గించొద్దని నేను చెబుతున్నది అందుకు కాదు. అప్పటికే ఐదారు వందల కేలరీల మీద ఉన్న మనిషి ఇంకో రెండు వందలు తగ్గిస్తే వారానికి కరిగే కొవ్వు అదనంగా 200 గ్రాములు కూడా ఉండదు. దానికి బదులుగా కండ పోతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది, విటమిన్లు అడుగంటుతాయి, జుట్టు రాలడం ఎక్కువవుతుంది. నాకు నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది. అంత వేగంగా తగ్గినప్పుడు బాగా తిన్నవాళ్ళకీ కొంత రాలుతుంది, మళ్ళీ వస్తుంది. నా విషయంలో ఆ పది రోజుల లంఖణం వాటా ఎంతో నాకు తెలియదు గాని, బాధ మాత్రం ఉంది.

విటమిన్లన్నాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. బి1, అంటే థయమిన్. ఒంట్లో దీని నిలవ రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతూ, తిండి లోపల నిలవకపోతే అది అయిపోతుంది. నడకలో తూలు, చూపు అదరడం, మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం మొదలవుతాయి. ఆలస్యం చేస్తే మెదడుకి శాశ్వతంగా నష్టం. మన తెలుగు నేలకి ఈ లోపం కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే కోస్తా ప్రాంతం, బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బుకి పేరుపడ్డ ప్రాంతం. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే తిండి కావడం దానికి కారణం. జావ, చారు, తెల్లన్నం మీద మనిషిని నెట్టుకొచ్చే పథ్యంలో నాకు ఆ చరిత్ర కనబడుతుంది. మాత్రలు మానకండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకోకండి, రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదు.

అంకె ఆగినందుకు డాక్టర్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. నీళ్ళు కూడా లోపల నిలవకపోతే, కూర్చుని ఉన్నా గుండె దడదడ కొట్టుకుంటుంటే, జ్వరమొస్తే, కడుపులో నొప్పి పెరుగుతుంటే, పిక్క వాచి నొప్పి పెడితే మాత్రం అర్ధరాత్రైనా ఆగకండి. మా వార్డులో నా పక్క మంచం ఆవిడకి నీళ్ళు నిలవకపోతే చుట్టాలు రెండు రోజులు సోడా పట్టించి చూశారట.

ఆగిన ప్రతిసారీ నీళ్ళేనా అని అడగొచ్చు. కాదు. నాకు ఐదో నెలలో మూడు వారాలు ఆగింది, ఎనిమిదో నెలలో ఇంకోసారి. ఐదో నెలది కొవ్వు లెక్కలో సహజమే, ఒళ్ళు చిన్నదైన కొద్దీ ఖర్చు తగ్గుతుంది, దిగడం నెమ్మదిస్తుంది. ఎనిమిదో నెలది వేరే. సంక్రాంతికి చేసిన జంతికలూ చేగోడీలూ డబ్బాలో ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక్కొక్కటి తీసుకునేదాన్ని. గుడ్డు ఒకటి తింటే ఛాతీ బరువెక్కే నాకు జంతికలు పది తిన్నా ఏమీ అనిపించలేదు. కరకరలాడేవి నోట్లో పొడై, మెత్తగా జారి దిగిపోతాయి, గొట్టం నిండదు. బిస్కెట్లు, మిక్చరు, ఐస్‌క్రీమ్ అన్నీ ఇదే కోవ. అప్పుడు నేను చూడాల్సింది కంచాన్నీ డబ్బానీ, చూశాను, డబ్బా తీసేయించాను. మూడో వారంలో ఆగడానికీ దీనికీ పోలిక లేదు. మూడో వారంలో ఉన్న మనిషిని ఎనిమిదో నెల మనిషిని అనుమానించినట్టు అనుమానించడమే ఇళ్ళలో జరుగుతున్న అన్యాయం.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. అందులో ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కువగా తగ్గిన సమయం ఒకటి రెండేళ్ళ దగ్గర. ఆ తర్వాత కొంత పెరిగి నిలబడ్డారు. ఏడాదీ రెండేళ్ళ ప్రయాణంలో మూడో వారం ఎంత?

నాకు ఏడాదికి 84.5 కిలోలు వచ్చింది. రాత్రి ఊపిరి మెషీన్ తీసేశారు. షుగరు మాత్ర ఒకటే మిగిలింది. ఇప్పుడు వారానికి ఒక్కసారి, శనివారం పొద్దున, బరువు చూసుకుంటాను. మిగతా ఆరు రోజులు మెషీన్ బీరువా పైన ఉంటుంది.

ఆరో నెల రివ్యూకి వెళ్ళినప్పుడు ఆ డైటీషియన్‌ని అడిగాను, డిశ్చార్జ్ కాగితంలో ఈ మాట ఎందుకు రాయరని. రెండు మూడు వాక్యాలు చాలు: రెండో వారం నుంచి ఆరో వారం లోపు ఎప్పుడో ఒకప్పుడు మీ బరువు ఆగుతుంది, వారం నుంచి మూడు వారాలు ఉండొచ్చు, అప్పుడు తిండి తగ్గించకండి, ప్రొటీన్ లెక్క వేసుకుని మాకు ఫోన్ చేయండి. దాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి, పేషెంటుకే కాదు, పక్కన ఉన్న అమ్మకీ అత్తకీ చదివి వినిపించండి అన్నాను. కాగితం మార్చడం తన చేతిలో లేదని, పైవాళ్ళకి చెబుతానని అంది. తర్వాత నా ఎదురుగానే ఆ రోజు డిశ్చార్జ్ అవుతున్న ఒక అమ్మాయి ఫైలు తీసి, చివరి పేజీ కింద ఖాళీలో ఆ వాక్యాలు పెన్నుతో రాసింది.

మొన్న ఏడాది రివ్యూకి వెళ్తే కాగితం ఇంకా పాతదే. ఆమె మాత్రం ఇప్పటికీ పెన్నుతో రాసిస్తోంది. వచ్చే రివ్యూకి సర్జన్‌నే అడుగుతాను.